చేతిఫోను లోపలి బీగము

ఇంటి తాళములనుగూర్చి మనకు తెలియని దేమున్నది? ధాన్యపుగది మొదలు పెట్టెలోని పట్టుచీర వరకు దేని చెవి యెక్కడ నున్నదో ఇల్లాలికే యెరుక. మా యాడికి ప్రాంతమున తాళమును బీగమందురు. దినమున నూరుమారులు చేతబట్టు ఫోనులోనే మన కంటబడని బీగమొకటి యున్నదనియు, దాని చెవి మన కొంగున లేదనియు మాకు నిరుటి వేసవిలో తెలిసినది. మీలో ననేకులకును ఇది క్రొత్త సంగతియే యగునని తలచి వ్రాయుచున్నాము.

వ్రేలిముద్రతోనో, అంకెలతోనో మనము తీయునది వసారా తలుపు మాత్రమే. లోపలి బీగము వేరు. ఫోను మేలుకొనునపుడు మొట్టమొదట చిన్న కార్యక్రమమొకటి లేచును. దానిని బూట్‌లోడరందురు. తరువాత లేవవలసిన పెద్ద యంత్రాంగమును అది యూరక లేపదు. తయారుచేసినవారి ముద్ర దానిపై నున్నదో లేదో పరీక్షించి, యున్ననే లేపును. అశోకవనమున సీతాదేవి, ఎదుట నిలిచినవాడు మాయావియగు రావణుడేమో యని శంకించి, రాముని యంగుళీయకమును చూచిన పిమ్మటగదా మనసు కుదుటపరచుకొనినది! ఈ పరీక్షయు నట్టిదే. దొంగ కార్యక్రమము లోనికి జొరబడకుండ మనల కాచునది గనుక దీనిని నిందింపరాదు. కాని, ఉంగరము పోయినంతమాత్రమున కట్టుకొన్నదానినే యెరుగనన్న దుష్యంతుని వైఖరియు దీనియందు కలదు. సొమ్ము పోసి కొన్న యజమానురాలు తెచ్చినదైనను, ఆ ముద్ర లేనిచో త్రోసివేయును.

అట్లు వేరొక యంత్రాంగమును తేవలసిన పని యేమని మీరడుగవచ్చును. ఫోను చేసిన కంపెనీవారు దానికి మరమ్మతులను కొన్నియేండ్లే పంపుదురు. ఆ మీదట పైచెక్కు చెదరకున్నను లోపలిది పాతబడును. క్రొత్త యాప్‌లు ‘మీ ఫోను మాకు పనికిరాదు’ అనును. అట్టి ఫోనులకు కొందరు నేర్పరులు తామే క్రొత్త యంత్రాంగమును సిద్ధపరచి యుచితముగా నిత్తురు. 2009లో పుట్టిన సయనోజెన్‌మాడ్ అట్టిది. 2016 డిసెంబరులో అది యాగిపోగా దాని స్థానమున లినేజ్ ఓఎస్ వచ్చినది. లోపలి బీగము తీయనిదే ఇవేవియు ఫోనులో నిలువవు.

మన తెలుగునకును ఈ బీగముతో పాత బాంధవ్యమే కలదు. 2010, 2011 ప్రాంతములలో పెక్కు ఆండ్రాయిడ్ ఫోనులలో తెలుగు జాబు తెరచినచో అక్షరములకు మారుగా వట్టి చదరపు గడులు కనబడెడివి. ఓపికగల యువకులు ఫోను లోపలి కట్టుబాటును విడదీసి, తెలుగక్షరముల దస్త్రమును తామే అందు చేర్చుకొనిరి. తమ భాష తామెవరి ననుమతియు నడుగక చదువుకొనవలెనని చేసిన యా పని మాకు మిక్కిలి ముచ్చట గొల్పును. తరువాత తెలుగు ఫోనులలోనే కుదురుకొన్నది.

ఫోనులు చేయుటయు మనకు పరాయి పని కాదు. 2015 ఆగస్టు 10వ తేదీన విశాఖపట్టణమున షావోమీ కంపెనీవారు మన శ్రీసిటీలో తయారైన తమ తొలి ఫోనును వెలువరించిరి. అచటి ఫాక్స్‌కాన్ కర్మాగారమున ఆ తొలియేండ్లలో పనిచేసినవారిలో అధికులు చుట్టుప్రక్కల పల్లెల యాడపడుచులే. ఆ కంపెనీయే 2016లో తన ఫోనులకు బీగము బిగించి, తీయగోరువారు మనవి చేసికొని వేచియుండవలెనను నియమము పెట్టినది. అనేకుల కా గడువు 168 గంటలు, అనగా ఏడు దినములు. హువావే కంపెనీ 2018లో చెవులిచ్చుటయే మానివేసినది.

ఇక మా యింటి మాట. మా పెద్దమ్మాయి ఇంటరు చదువునకు ఫోను కావలసివచ్చినది. ఆ యేడు మిద్దె కారుచుండగా బాగుచేయించుటకే మావారి జీతము చాలలేదు. పెట్టెలో మా యత్తగారి పాత ఫోనుండెను. ఆమె కాలముచేసి మూడేండ్లైనది. మావారి పూర్వశిష్యు డొకడు అనంతపురమున ఇంజనీరింగు చదువుచు సెలవులకు వచ్చి దానిని చూచి, ‘అమ్మా, లోపలి బీగం తీసి కొత్తది ఎక్కిస్తే ఇంకా నాలుగేండ్లు పనికొస్తుంది. అయితే తీసిన క్షణంలో లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఏమన్నా ఉంటే ముందే తీసిపెట్టుకోండి’ అనెను.

తుడిచివేయుట యెందుకనగా, దొంగ యెవడైనను ఈ త్రోవను తెరచినచో మన ఫొటోలును జాబులును వానికి దక్కకుండుటకు. నియమము మంచిదే. కాని యా ఫోనులో మా యత్తగారి గొంతున్నది! అక్షరము రాని యామె, తోచినపుడెల్ల ఆ ఫోనులో మాటాడి దాచుకొనెడిది. లాలిపాటలు, కొర్రలు దంచు తీరు, వాన లేని యేట గొడ్లకు మేత వెదకుచు ఊరూరు తిరిగిన కథ, ఒకచోట నడుమ ఎనుమును అదలించుట, మొత్తము నలుబదియొక్క ముక్కలు. అమ్మాయి చదువొక ప్రక్క, ఆమె గొంతొక ప్రక్క. మావారు పెదవి విప్పక, ‘నీ యిష్టము’ అని బడికి పోయిరి. కన్నతల్లి గొంతు నా కప్పగించి పోవుట యేమి న్యాయమో!

మేము తొందరపడలేదు. వారము గడువు ఎటులను ఉన్నదిగదా. అన్నిటికిని కంప్యూటరులో నొక ప్రతి, మెమరీకార్డులో నొక ప్రతి తీయించితిమి. ప్రతి తీసినంతనే చాలదు. కార్డులోనివానిని ఒక్కొక్కటిగా తుదివరకు కూర్చుండి వింటిమి. మూడు రాత్రులు పట్టినది. మేతకథ పదునొకండు క్షణములకే మూగవోగా, దానిని మరల తీయించితిమి. ఫోనును బాగుచేయించు సోదరీమణులెవరైనను ఈ వినుట మాత్రము మానవలదని మా మనవి.

బీగము తీయుట చూడ చిత్రముగా నుండెను. సెట్టింగులలో ‘బిల్డ్ నంబరు’ అనుచోట ఏడుమారులు తట్టగా దాగిన గది యొకటి తెరచుకొన్నది. అచట ‘ఓఈఎమ్ అన్‌లాకింగ్’ అనుదానిని త్రిప్పి, ఫోను నార్పి, పవరుమీటను ధ్వని తగ్గించు మీటతో కలిపి నొక్కి, తీగతో కంప్యూటరునకు తగిలించిరి. పిమ్మట ఆజ్ఞ యీయగా క్షణములలో ముగిసినది. ఆ నడుమ తీగ కదలిన నెట్లోయని మేము మంచముకోడు నంటి కూర్చుంటిమి.

ఫోను లేచునపుడెల్ల ఇపుడొక హెచ్చరిక కనబడును: బీగము తీసియున్నది, ఇందలి సమాచారమునకు రక్షణ తక్కువ యని. అది నిజమే. పెక్కు బ్యాంకు యాప్‌లు ఇట్టి ఫోనున పనిచేయ నిరాకరించును. అందుచే సొమ్ము వ్యవహారము మావారి ఫోనుననే యుంచితిమి. ఇంటికంతకు నొకే ఫోనున్నవారు ఈ పనికి పూనుకొనరాదు. ముక్కుమొగ మెరుగని దుకాణదారు చేతికిచ్చి తీయించుటయు తగదు.

కేంద్రప్రభుత్వమువారి వినియోగదారుల శాఖ ‘మరమ్మతు హక్కు’ను గూర్చి 2022 జులైలో సంఘము నేర్పరచి, ఆ డిసెంబరు 24న వెబ్‌సైటు నొకటి తెరచినది. అందు ఫోనులును చేరినవి. కంపెనీవారు మరమ్మతులు పంపుట మానిన దినముననే లోపలి చెవిని కొన్నవారి చేతికీయవలెనని మా తలంపు. పోషింపలేనివారు తాళము వేసి పోవుట యేమి మర్యాద?

అమ్మాయి ఫోనును తెలుగున పెట్టుకొని చదువుకొనుచున్నది. నలుబదియొక్క ముక్కలను మరల అందు చేర్చినాము. మావా రింతవరకు మేతకథ యొక్కటే వినిరి. తక్కినవి సంక్రాంతి సెలవులలో విందమనిరి.