అన్యాయమైన వ్యాఖ్యకు నిదానమైన జవాబు



రక్తపోటు గురించీ మధుమేహం గురించీ వ్రాసే ఈ వైద్యుడు ఉద్యోగుల పనితీరు నివేదికల జోలికి ఎందుకు వచ్చాడని మీకు అనిపించవచ్చు. నా సర్వీసులో నిద్ర పట్టడం లేదని, గుండె దడగా ఉందని వచ్చిన ఉద్యోగులను ఎందరినో చూశాను. అవసరమైన పరీక్షలన్నీ చేసి, ఏ దోషమూ కనబడక, కాసేపు వారిని మాట్లాడనిస్తే కొందరి విషయంలో అసలు సంగతి బయటపడేది. అది పై అధికారి వ్రాసిన ఒకే ఒక వాక్యం.

చేయని తప్పును కాగితం మీద చూసినప్పుడు మన శరీరం దానిని ఎదురుగా వచ్చిన ఆపదగానే భావిస్తుంది. ఎడ్రినలిన్ విడుదలై గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కార్టిసాల్ ప్రభావం మరికొంతసేపు నిలుస్తుంది. అదే మాటను రాత్రంతా నెమరు వేస్తే నిద్ర చెడుతుంది, మరునాడు చిరాకు ఇనుమడిస్తుంది. ఆ స్థితిలో వ్రాసిన జవాబులో వాదం కంటే కోపమే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇది నాకు స్వానుభవం. 1980ల చివర ఒక మారుమూల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా ఉన్నాను. సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలై అప్పటికి కొద్ది సంవత్సరాలే అయింది. ప్రతి నెలా లెక్కలు పంపాలి, లక్ష్యం చేరాలి. ఒక వేసవిలో మా టీకాల ఫ్రిజ్ చెడిపోయింది. బాగుచేయించడానికి 3 నెలలు పట్టింది. టీకా మందులను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. పోలియో చుక్కల మందు వేడికి త్వరగా పాడవుతుంది. పాడైన మందు చూపుకు మంచి మందులాగే ఉంటుంది. వేడి తగిలిన సంగతి తెలిపే గుర్తు నేడు సీసా మీదే ఉంటుంది, ఆనాడు అదీ లేదు. కనుక ఉష్ణోగ్రత పట్టికలో అంకె హద్దు దాటిన మందును వాడనివ్వలేదు. పొరుగు కేంద్రం నుండి మంచుపెట్టెలో తెచ్చినంత మేరకే టీకాలు వేయించాను. ఆ పాడైన మందే వేసి ఉంటే మా రిజిస్టరు నిండేది. బిడ్డకు రక్షణ దొరికిందని తల్లి నమ్మేది, ఆ బిడ్డకు మాత్రం రక్షణ ఉండేది కాదు.

సంవత్సరాంతాన నాకొక మెమో వచ్చింది. ‘టీకాల లక్ష్యము సాధించలేదు. విధి నిర్వహణయందు శ్రద్ధ లేదు.’ రెండే వాక్యాలు. ఆ రాత్రి 4 పేజీల జవాబు వ్రాశాను. నా అర్జీలు ఎన్నాళ్లు ఎవరి బల్ల మీద పడి ఉన్నాయో అందులో ఘాటుగానే ఉంది. ఉదయం మా గుమాస్తా దానిని చదివి, ‘డాక్టరు గారూ, ఫైలులో ఉండవలసింది కోపం కాదండీ, తేదీలు’ అన్నారు. ఆ కాగితాలు పంపలేదు.

రెండు రోజుల తరువాత మెమోను మళ్లీ చదివితే, ఆ రెండు వాక్యాలూ ఒక జాతివి కావని తెలిసింది. మొదటిది జరిగిన విషయం, రెండవది దాని మీద ఒకరి అభిప్రాయం. లక్ష్యం చేరలేదన్నది నిజమే. నేను కాదనవలసింది రెండవ వాక్యాన్ని మాత్రమే. కొత్త జవాబు ఒక్క పేజీకి మించలేదు. లక్ష్యం చేరని మాట మొదటి పంక్తిలోనే ఒప్పుకున్నాను. ఫ్రిజ్ చెడిన తేదీ, నేను వ్రాసిన 5 ఉత్తరాల తేదీలు, బాగుచేసిన తేదీ వరుసగా ఇచ్చాను. ఉష్ణోగ్రత పట్టిక నకళ్లు జతపరచి, ‘శ్రద్ధ లేదు’ అన్న వాక్యాన్ని తొలగించమని కోరాను. ఎవరినీ నిందించలేదు. 7 నెలల తరువాత ఆ వాక్యాన్ని తొలగించారు. మొదటి వాక్యం అలాగే ఉండిపోయింది. అది ఉండవలసినదే.

ఆనాడు ప్రతికూల వ్యాఖ్యలు మాత్రమే ఉద్యోగికి తెలిపేవారు, మిగిలిన నివేదిక రహస్యం. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వోద్యోగికి ప్రతి వ్యాఖ్యనూ తెలియజేయాలని తీర్పునిచ్చింది. 2009 మే నెలలో కేంద్ర ప్రభుత్వం పూర్తి నివేదికను ఉద్యోగికి చూపాలని, విన్నపానికి 15 రోజుల గడువు ఇవ్వాలని ఉత్తర్వు చేసింది. రాష్ట్రాలలో, ప్రైవేటు సంస్థలలో నియమాలు వేరుగా ఉండవచ్చు. అందుచేత మీకున్న గడువు ఎంతో ముందుగా తెలుసుకోండి. నిదానం మంచిదే కాని గడువు దాటిన నిదానం ఎందుకూ పనికిరాదు.

ఇక వైద్యునిగా నా సలహాలు. కోపంలో వ్రాయదలచినదంతా వ్రాయండి, పంపకండి. ఒక రాత్రి నిద్రపోయి, మరునాడు అరగంట నడిచి వచ్చి మళ్లీ చదవండి. ఏది జరిగిన విషయమో, ఏది అభిప్రాయమో విడదీయండి. నిజమైన దానిని ఒప్పుకోండి, కాని దానికి ఆధారం చూపండి, ఏ మాట మార్చాలో స్పష్టంగా అడగండి. పంపే ముందు మీ మేలు కోరే ఒకరికి చూపించండి. ఆవేశంలో ఉండగా చూసుకున్న రక్తపోటును బట్టి మందుల మోతాదు మార్చుకోకండి. 5 నిమిషాలు ప్రశాంతంగా కూర్చున్న తరువాతే కొలవాలి. ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే మాత్రం ‘ఆఫీసు బెంగ’ అని సరిపెట్టుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నిద్రలేమి, దిగులు రెండు వారాలకు మించితే వైద్యుని కలవండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీమానస్ సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఎంత చక్కగా వ్రాసినా వ్యాఖ్య తొలగకపోవచ్చు. అయినా మీ జవాబు, మీ ఆధారాలు ఆ ఫైలులో ఉంటాయి. చెప్పవలసినది చెప్పామన్న తృప్తితో ఆ రాత్రి నిద్ర పడుతుంది. ఆ నిద్ర కూడా ఆరోగ్యానికి అవసరమే.