భయం తగ్గాక వచ్చిన ఏడుపు

సూర్యాపేట దాటాక, లైట్లు లేకుండా రోడ్డు మీద ఆపిన లారీని రాత్రిపూట మా కారు గుద్దుకుంది. నడుపుతున్న తమ్ముడు అక్కడికక్కడే పోయాడు. లేను మారబోతూ వాడు వేసిన ఇండికేటర్ మాత్రం టిక్కు టిక్కుమంటూనే ఉంది.

విరిగిన నా కాలు అతుక్కుంది. ఆ చప్పుడు మాత్రం వదల్లేదు. గడియారం శబ్దానికి చెమటలు పట్టేవి. ఇంట్లో గడియారాలన్నీ అటకెక్కాయి. "మర్చిపోమ్మా" అనేవాళ్లు. మర్చిపోవడం నా చేతుల్లో ఉంటే కదా!

డాక్టరు ఇచ్చిన మాత్రలతో కాస్త నిద్ర పట్టింది. ఆ డాక్టరే ఇ.ఎం.డి.ఆర్. చేసే సైకాలజిస్టు దగ్గరికి పంపారు. కళ్లు కదిపించి చేసే చికిత్స అనగానే అమ్మ హిప్నాటిజమనుకుంది. కాదు, పూర్తి మెలకువతోనే ఉంటాం. అమెరికాలో ఫ్రాన్సీన్ షాపిరో 1987లో మొదలుపెట్టిన ఈ పద్ధతిని 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. జ్ఞాపకాన్ని తలుచుకుంటూనే ఎదుటివాళ్లు ఆడించే వేళ్లను కళ్లతో వెంబడిస్తే మనసు రెండు పనులకు చాలక, జ్ఞాపకం పదును తగ్గుతుందని ఒక వివరణ. నిజంగా కళ్ల కదలికే నయం చేస్తుందా అన్న వాదన నిపుణుల్లో ఇంకా ఉంది.

సైకాలజిస్టు ముందు కొన్ని వారాలు, భయం ముంచుకొస్తే నిలదొక్కుకోవడమే నేర్పారు. ఆ తర్వాత ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, రెండు వేళ్లు నా కళ్లెదుట అటూ ఇటూ ఆడించేవారు.

"తల కదపకండి. ఆ చప్పుడు తలుచుకుంటే బాధ ఎంత, సున్నా నుంచి పది దాకా?"

"పది."

కాసేపాగి, "ఇప్పుడేం వస్తోంది?"

డీజిల్ వాసన వచ్చింది. ఛాతీ మీద బెల్టు బిగిసింది. ఒళ్లంతా వణికింది. చెయ్యెత్తితే ఆపేస్తామన్నారు, ఎత్తలేదు. మళ్లీ వేళ్లు కదిలాయి. అప్పుడు, అన్నాళ్లూ గుర్తురానిదొకటి వచ్చింది. ఎవరో పెద్దాయన నన్ను బయటికి లాగి, కండువా మడిచి తల కింద పెట్టి, "అయిపోయింది బిడ్డా, బయటికొచ్చినవ్" అన్నాడు. ఆ మాట అప్పుడే చెవిన పడ్డట్టయింది.

ఆ వారం పీడకలలు ఎక్కువయ్యాయి. ఇలా జరగొచ్చని ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాను. మెల్లగా పది తగ్గుతూ వచ్చింది.

భయం పలచబడ్డాకే ఏడుపొచ్చింది. అంతకుముందు తమ్ముణ్ని తలుచుకోబోతే ఆ టిక్కు టిక్కు అడ్డుపడి, వాడి ముఖం దాకా పోనిచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం అమ్మ ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. అప్పట్నుంచే ఇద్దరం వాడి కబుర్లు చెప్పుకుంటున్నాం, వాడి అల్లరీ, మామిడికాయ పప్పులో ముక్కలన్నీ ఏరుకుని నన్ను ఏడిపించడమూ.

చికిత్స ఇంకా నడుస్తోంది. రాత్రిపూట హైవే ఎక్కడం ఇప్పటికీ నావల్ల కావడం లేదు. ఇక దాని మీద పనిచేద్దామన్నారావిడ.