మీరు చూడండి, మిరు

జపనీస్‌లో 'మిరు' అంటే చూడటం. ఒక్కసారికే నాకు గుర్తుండిపోయిన క్రియ ఇదే. "మీరు చూడండి" అనుకున్నా, అంతే. రాసే అక్షరం కూడా ఈజీనే. పైన కన్ను, కింద రెండు కాళ్లు. మా వార్డెన్ రాత్రిపూట రౌండ్స్‌కి వచ్చినట్టు కన్ను నడుచుకుంటూ వస్తుందన్నమాట. రూపాలతోనూ గొడవ లేదు. చివరి 'రు' తీసేస్తే చాలు: మిమస్ అంటే చూస్తాను, మిత అంటే చూశాను, మినై అంటే చూడను.

ఇంత ఈజీ క్రియ దగ్గరే ఎన్4 మాక్ టెస్ట్‌లో బోల్తా పడ్డాను. "మదొ కర యమ గ..." కిటికీలోంచి కొండ, ఆ తర్వాత ఖాళీ. మనసులో 'కెన్ సీ' అనుకుని 'మిరరెరు' పెట్టాను. జవాబు 'మియెరు'. మిరరెరు అంటే చూడగలగడం, మియెరు అంటే కనిపించడం. ఇంగ్లిష్‌లో రెండింటికీ 'కెన్ సీ' అనేస్తారు. తెలుగులో అనుకుని ఉంటే ఆ మార్కు పోయేదే కాదు. కిటికీలోంచి కొండ కనిపిస్తుంది, అంతేగా! కానీ ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం, ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం. జపనీస్‌కి తెలుగు దారి కూడా ఉంటుందని నాకెలా తడుతుంది?

'తె మిరు' కూడా అలాగే బట్టీ పట్టాను. నోట్స్‌లో దాని అర్థం 'ట్రై' అని ఉంది. చూడటానికీ ట్రై చేయడానికీ సంబంధమేంటో అర్థం కాలేదు. ఆ వారం అమ్మ హాస్టల్‌కి గోంగూర పచ్చడి పంపి ఫోన్ చేసింది. "ఈసారి వెల్లుల్లి ఎక్కువేశా, తిని చూడవే."

తిని చూడు. తబెతె మిరు. 'తబెతె' అంటే తిని, 'మిరు' అంటే చూడటం. వరస కూడా అదే. ఫోన్ పెట్టేసి నోట్‌బుక్‌లో పేజీ నింపేశాను. యత్తె మిరు, చేసి చూడు. కీతె మిరు, అడిగి చూడు. కితె మిరు, వేసుకుని చూడు. (కీతె, కితె మధ్య తేడా ఒక్క దీర్ఘమే. ఇంగ్లిష్ అక్షరాల్లో చదివినన్నాళ్లూ రెండూ కలిసిపోయేవి.) మాటలు వచ్చినప్పటి నుంచీ నా నోట్లో ఉన్న గ్రామర్‌నే పరాయిదనుకుని రెండు నెలలు బట్టీ పట్టాను.

అమ్మకి నేనెప్పుడూ తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లోనే మెసేజ్ చేస్తాను. తను కూడబలుక్కుని చదువుకుంటుంది. ఆ రాత్రి కీబోర్డు మార్చి, ఒత్తులు వెతుక్కుంటూ టైప్ చేశాను: "తిని చూశాను. వెల్లుల్లి బాగా కుదిరింది."

వెంటనే ఫోన్ చేసింది. "ఎవరిచేత రాయించావే?"