కర్ణనాదం – మనస్సంయోగం

సుశ్రుతసంహిత 28 కర్ణరోగాలలో కర్ణనాదాన్ని, బాధిర్యాన్ని వేర్వేరుగా పరిగణించింది. శ్రవణేంద్రియం క్షీణించినప్పుడు మస్తిష్కం, అందని శబ్దం కోసం తన గ్రహణశక్తిని పెంచుకొని, బాహ్యకారణం లేని ధ్వనిని వినిపింపజేస్తుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అయితే వినికిడి తగ్గినంత మేర వేదన పెరుగుతుందన్న నియమం లేదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో న్యాయదర్శనం బోధించి, తార్నాకలో విశ్రాంతజీవనం గడుపుతున్న ఒక వృద్ధాచార్యునికి పగటి వాహనఘోషలో మరుగుపడే ఆ రొద రాత్రి నిశ్శబ్దంలో ప్రబలమయ్యేది. నిద్ర కరువైంది; ప్రాంగణంలోని చెట్ల నీడన శిష్యులతో సాగే సాయంకాలపు చర్చలూ ఆగిపోయాయి. శ్రవణయంత్రం ధరించాక బయటి శబ్దాలు మరల చెవిని చేరి, రొద కొంత పలుచబడింది. శేషించినదానికి తాను బోధించిన సిద్ధాంతమే అక్కరకు వచ్చింది: మనస్సు అణుపరిమాణం, ఏకకాలంలో రెండు ఇంద్రియాలతో సంయోగం పొందజాలదు. ఆయన రొదతో పోరు మాని, మనస్సును పఠనంలోనూ చర్చలోనూ నిలిపాడు. ధ్వని నేటికీ ఉన్నది. దానిపై ద్వేషం క్రమేణ శమించింది, నిద్ర తిరిగి వచ్చింది.