అద్దె ఇంజన్

ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్‌లో, హాస్టల్ గదిలో ఒకే ఒక్క ల్యాప్‌టాప్ ముందు ఆరుగురం ఇరుక్కుని కూర్చుని 'ఫాస్టర్' అనే డాక్యుమెంటరీ చూశాం. 2001, 2002 మోటార్‌సైకిల్ గ్రాండ్ ప్రీ సీజన్ల మీద మార్క్ నీల్ తీసిన సినిమా. మిగతావాళ్లంతా రోసీ రోసీ అని ఊగిపోతుంటే నాకు మాత్రం గ్యారీ మెకాయ్ తెగ నచ్చేశాడు. వెనక టైరు పొగలు కక్కుతూ పక్కకి జారిపోతుంటే, ఆ జారుడుతోనే మలుపు తిరిగే ఆస్ట్రేలియా మనిషి. 2000లో అలాగే మూడు రేసులు గెలిచాడు. అతని టీము డబ్ల్యూసీఎం. రెడ్ బుల్ డబ్బు, యమహా బైకులు.

ఆ సినిమాని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ ఆ టీము తర్వాత ఏమైందో తెలుసుకోవాలని పదేళ్ల దాకా అనిపించలేదు. అనిపించే నాటికి మా టీము కూడా లేదు.

మాది ఎనిమిది మందిమి ఉన్న స్టార్టప్. ఒక పెద్ద కంపెనీ ప్లాట్‌ఫామ్ మీద చిన్న వ్యాపారులకి పనికొచ్చే టూల్ కట్టాం. డేటా వాళ్లది, లాగిన్ వాళ్లది, కస్టమర్లు వచ్చే దారి కూడా వాళ్లదే. పై పొర మాత్రం మాది. నాతో పాత ఆఫీసులో పనిచేసిన ఒక కుర్రాడిని నేనే పిలిచాను. వాళ్లింట్లో అప్పటికి స్థిరమైన జీతం అతనిదొక్కటే. "అన్నా, వాళ్లు యాక్సెస్ ఆపేస్తే మన పరిస్థితేంటి?" అని మొదటి వారమే అడిగాడు. "ఎందుకాపుతారు? మనలాంటి వాళ్లు ఉంటేనే కదా వాళ్లకీ గిరాకీ" అన్నాను. నమ్మే అన్నాను.

ఆపారు. మెయిల్ చాలా మర్యాదగా ఉంది. మూడు నెలల గడువు.

ఆ మూడు నెలల్లో, నిద్ర పట్టని ఒక రాత్రి, మెకాయ్ టీము గురించి వెతికి చదివాను. అప్పట్లో ప్రైవేట్ టీములకి గెలిచే బైకులు దొరికే దారి ఒక్కటే, ఫ్యాక్టరీ దగ్గర లీజుకి తీసుకోవడం. సీజన్ అయిపోగానే బైకులు వెనక్కి వెళ్లిపోతాయి. 2002 తర్వాత డబ్ల్యూసీఎంకి యమహా బైకులు రాలేదు. రెడ్ బుల్ డబ్బూ పోయింది. మెకాయ్ కవాసాకీకి, జట్టులోని కుర్ర రైడర్ జాన్ హాప్కిన్స్ సుజుకీకి వెళ్లిపోయారు. మంచి బైకు లేకపోతే స్పాన్సర్ రాడు, స్పాన్సర్ లేకపోతే మంచి బైకు రాదు. ఈ లెక్క మా ఇన్వెస్టర్లు మాకు పవర్‌పాయింట్‌లో చెప్పారు.

టీము నడిపే పీటర్ క్లిఫర్డ్ మూసేసి ఇంటికి పోలేదు. బ్రిటన్‌లోని హ్యారిస్ వాళ్లతో ఛాసిస్ చేయించి, రోడ్డు మీద తిరిగే యమహా ఆర్1 ఆధారంగా ఇంజన్ కట్టించి, 2003లో సొంత బైకుతో వచ్చాడు. దాన్ని పోటీకి అనర్హమన్నారు. ఇది ప్రోటోటైపుల పోటీ, మీ ఇంజన్లో ముఖ్యమైన భాగాలు షోరూమ్ బైకువి అన్నారు. అప్పీలు చేసినా లాభం లేకపోయింది. ఆ భాగాలు మళ్లీ సొంతంగా చేయించుకుని తిరిగి వచ్చారుగానీ, అప్పటికే చేతిలో ఉన్న కాస్త డబ్బూ కాలమూ కరిగిపోయాయి. 2005లో బ్లాటా అనే చెక్ కంపెనీ ఆరు సిలిండర్ల ఇంజన్ ఇస్తానంది. పిల్లల ఆటబొమ్మల్లా కనబడే మినీ బైకులు చేసే కంపెనీ అది. ఆ ఇంజన్ రానేలేదు. పాత బైకులతోనే ఆ ఏడాది గడిపారు. 2006 గ్రిడ్‌లో డబ్ల్యూసీఎం లేదు.

నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఆ తర్వాతది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత కవాసాకీ తప్పుకుంది, 2011 చివర్లో సుజుకీ తప్పుకుంది. గ్రిడ్ పలచబడిపోయింది. 2012లో నిర్వాహకులు సీఆర్‌టీ అని కొత్త తరగతి తెచ్చారు. షోరూమ్ బైకు ఇంజన్ తీసుకుని, సొంత ఛాసిస్‌లో పెట్టుకుని రావచ్చు. అంటే తొమ్మిదేళ్ల కింద ఏ పనికి ఒక టీముని బయట నిలబెట్టారో, అదే పనిని ఇప్పుడు రండి బాబూ చేయండి అని పిలిచారు. క్లిఫర్డ్ ఆలోచన తప్పు కాదన్నమాట. కానీ తొమ్మిదేళ్ల తర్వాత రుజువైన సంగతితో ఆ నెల జీతాలు ఇవ్వలేం కదా.

ఇది చదివి మొదట నాకు గర్వంగా అనిపించింది. మేమూ అంతే, కాలం కన్నా ముందు పుట్టాం, పెద్దవాళ్లు తొక్కేశారు అని ఒక కథ అల్లుకున్నాను. చాలా మందికి చెప్పాను కూడా. వినడానికి బావుంటుంది.

తర్వాత 'ఫాస్టర్' మళ్లీ చూశాను. విరిగిన ఎముకలు, మెకాయ్ జారుళ్లు, హాప్కిన్స్ చేతి గాయాలు అన్నీ ఉన్నాయి. లీజు కాగితం మాత్రం ఎక్కడా లేదు. సినిమా తప్పని అనను, కాగితాన్ని ఎవరు చూస్తారు? కానీ నేను నా కుర్రాడికి చూపించింది కూడా ఆ సినిమానే. జారుడు చూపించాను, లీజు చూపించలేదు. తను అడిగినా చూపించలేదు. కంపెనీ మూతపడ్డాక నాకు నెలలోపే ఉద్యోగం వచ్చింది. అతనికి ఏడు నెలలు పట్టింది. మధ్యలో చెల్లెలి కాలేజీ ఫీజుకి అప్పు చేశాడని వేరేవాళ్లు చెప్తే తెలిసింది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

గత నెల ఫోన్ చేశాడు. "అన్నా, ఇంకో స్టార్టప్ నుంచి ఆఫర్ వచ్చింది. వెళ్లమంటావా?"

వెళ్లమనలేదు, వద్దనలేదు. వాళ్ల ప్రోడక్ట్ ఎవరి మీద ఆధారపడి నడుస్తోందో, వాళ్లు చెయ్యి తీసేస్తే ఎన్ని నెలల జీతాలు బ్యాంకులో ఉన్నాయో సూటిగా అడగమన్నాను. అడిగితే ఏమనుకుంటారో అన్నాడు.

"నువ్వు నన్ను అడిగావు కదా, అలాగే అడుగు. కాకపోతే ఈసారి జవాబు వచ్చేదాకా వదలకు" అన్నాను.