ఇది ‘కెడి’ల రాజ్యం!

ట్రామ్ స్టాపులో జనం కిటకిటలాడుతున్నారు. వాళ్ల మధ్యలో, సరిగ్గా నడిచే దారిలో, దూడంత కుక్క ఒకటి కాళ్లు బారజాపి గుర్రుపెట్టి నిద్రపోతోంది. సూటు వేసుకున్న ఒకాయన దాన్ని తప్పించుకుని పక్కనుంచి వెళ్లాడు. సంచీ మోసుకొస్తున్న పెద్దావిడా అంతే. ఎవరూ అదిలించలేదు, ఎవరూ అదిరిపడలేదు... మా అమ్మాయి తప్ప! తొమ్మిదేళ్ల పిల్ల నా చున్నీ గట్టిగా పట్టుకుని, ‘అమ్మా, హోటల్‌కి వెళ్లిపోదాం’ అంది.

దాని భయంలో తప్పులేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయిన వార్త ఇంట్లో అందరం టీవీలో చూశాం. ఆ తర్వాత కొన్నాళ్లకే మా వీధి చివర ఓ కుక్క దాని సైకిలు వెంటపడింది. అప్పట్నుంచీ ఒంటరిగా గేటు దాటితే ఒట్టు. ఆ ఏడాది దసరా సెలవుల్లో మావారి ఆఫీసు పనిమీద ఇస్తాంబుల్ వెళ్లే అవకాశం వచ్చింది. మసీదులూ కోటలూ చూద్దామని వెళ్లాం. వీధుల్లో తిరిగే మూగజీవాల మనసు చదవడం కూడా ఆ ఊరే నేర్పిస్తుందని అప్పుడు అనుకోలేదు.

తోకే పలకరింపు

టర్కీ భాషలో పిల్లిని ‘కెడి’ అంటారు. మన కేడీకీ దానికీ ఏ సంబంధమూ లేదుగానీ, ఇస్తాంబుల్ పిల్లుల దర్జా చూస్తే ఆ పేరే సరిపోయిందనిపిస్తుంది. దుకాణంలో తివాచీల మీద, కాఫీ హోటల్లో కుర్చీల్లో, ఆగి ఉన్న కార్ల మీద... ఎక్కడ చూసినా అవే. దుకాణాల ముందు నీళ్ల గిన్నెలు, గోడ పక్కన తిండి, చలికి తలదాచుకోవడానికి చిన్న చిన్న చెక్క గూళ్లు కనిపిస్తాయి. ఏ పిల్లీ ఏ ఒక్కరిదీ కాదు, అన్నీ అందరివీ!

హగియా సోఫియాకి వెళితే ‘గ్లీ’ ముచ్చట వినకుండా ఎవరూ తిరిగిరారు. కాస్త మెల్లకన్నుతో ముద్దుగా ఉండే ఆ పిల్లి అక్కడే పెరిగింది. 2009లో అమెరికా అధ్యక్షుడి హోదాలో ఒబామా వచ్చినప్పుడు ఆయనచేత నిమిరించుకుంది. 2020లో ఆ కట్టడం మ్యూజియం నుంచి మసీదుగా మారినా గ్లీ చోటు మాత్రం మారలేదు. అదే ఏడాది నవంబరులో చనిపోయింది.

ఆ ఆవరణలోనే మా అమ్మాయికి తొలి పాఠం. ఓ చారల పిల్లి తోకను జెండాకర్రలా నిలబెట్టి, కొసను కాస్త వంచి మావైపు వచ్చింది. పిల్లి భాషలో దానర్థం ‘నమస్కారం’. కాలికి చెంప రుద్దిందంటే తన వాసన అంటించి ‘నువ్వు నా వాళ్లలో ఒకరివి’ అని గుర్తు పెట్టుకుంటోందన్నమాట. అదే తోకను నేలకేసి టపటపా కొడుతుంటే, చెవులు వెనక్కి వాల్చేస్తే ‘ఇక చాలు, చెయ్యి తియ్యి’ అని. అది గమనించకుండా ఇంకా నిమిరితేనే పంజా పడుతుంది. మనం మాత్రం ‘పిల్లికి విశ్వాసం లేదు’ అనేస్తాం!

‘పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్లు’ అని దాన్ని దొంగను చేశాంగానీ, అది మనల్ని చూస్తూ నెమ్మదిగా కళ్లు మూసి తెరిస్తే నమ్మకానికి గుర్తు. మనం కూడా అలాగే చేస్తే పిల్లులు దగ్గరకు రావడానికి ఎక్కువ ఇష్టపడతాయని ఇంగ్లాండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో తేల్చారు. మా అమ్మాయి మెట్టు మీద కూర్చుని అదేపనిగా ప్రయత్నించింది. అయిదారు నిమిషాలకు ఆ చారల పిల్లి వచ్చి పక్కన చతికిలబడింది. దాని ముఖం వెలిగిపోయింది!

ఎవరి తీరు వారిది

మర్నాడు ఎమినోను రేవులో ఫెర్రీ ఎక్కి కడికోయ్ వెళ్లాం. ఇరవై నిమిషాల్లో యూరప్ నుంచి ఆసియాకి! అక్కడి జివర్‌బే ప్రాంతంలో ఒక కంచు పిల్లి ఉంది. పేరు ‘టోంబిలి’, అంటే బొద్దుగా ఉన్నదని. మెట్టు మీద మోచెయ్యి ఆన్చి, ఊళ్లో పంచాయితీలన్నీ తీర్చి అలసిపోయిన పెద్దమనిషిలా కూర్చోవడం దాని అలవాటు. 2016లో అది చనిపోయాక వీధివాళ్ల కోరికపై అదే భంగిమలో విగ్రహం పెట్టారు.

టోంబిలి బద్ధకస్తురాలైతే, ‘బోజీ’ కాలు నిలవని కుక్క. 2021లో ఈ కుక్క రోజూ మెట్రోలూ ట్రాములూ ఫెర్రీలూ ఎక్కి ఊరంతా తిరిగేది. నగరపాలక సంస్థ చిప్ సాయంతో గమనిస్తే, ఒక్కోరోజు ముప్ఫై కిలోమీటర్ల వరకూ ప్రయాణించేదని తేలింది. బండి ఎక్కాలంటే ముందు దిగేవాళ్లను దిగనిచ్చేదట. మనలో ఎంతమందికి ఆ ఓపిక ఉందీ?! ఓసారి ట్రామ్ సీటు పాడుచేసిందని దానిమీద నింద పడింది. కెమెరాలు చూస్తే ఎవరో మనిషే కావాలని మలం తెచ్చి పెట్టినట్లు బయటపడింది. తర్వాత ఒక వ్యాపారవేత్త బోజీని దత్తత తీసుకున్నాడు.

ఒకే ఊరు, ఒకే తిండి... అయినా ఇంత తేడా ఎందుకు? పుట్టుకతో వచ్చే గుణం కొంత, పసితనం కొంత. పిల్లికూనకు రెండు నుంచి ఏడు వారాల వయసులో, కుక్కపిల్లకు మూడు నుంచి పన్నెండు వారాల వయసులో మనుషులు ఎలా తారసపడ్డారన్నది జీవితాంతం వెంటాడుతుంది. ఆ వయసులో రాయి దెబ్బ తిన్నది మనిషిని శత్రువనుకుంటుంది, ముద్ద అందుకున్నది నేస్తమనుకుంటుంది. జాతిని బట్టి స్వభావం అనుకోవడమూ పొరపాటే. అమెరికాలో 18 వేలకు పైగా కుక్కల వివరాలతో 2022లో వచ్చిన అధ్యయనం ప్రకారం, కుక్కల ప్రవర్తనలోని తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు తొమ్మిది శాతమే.

చెట్టులా నిలబడి...

తిరుగు ప్రయాణంలో రేవు దగ్గర అసలు పరీక్ష ఎదురైంది. చెవికి ప్లాస్టిక్ బిళ్ల ఉన్న పెద్ద కుక్క మావైపే వచ్చింది. అక్కడ కుటుంబనియంత్రణ ఆపరేషనూ టీకా అయిన కుక్కలకు ఆ బిళ్ల వేస్తారు. తోక ఊపుతోంది కాబట్టి మంచిదే అనుకుంటే సరిపోదు. నడుం కూడా ఊగేలా తోక వదులుగా ఊపితే స్నేహం. ఒళ్లు బిగబట్టి, నిటారుగా ఎత్తిన తోకను వేగంగా ఆడిస్తే హెచ్చరిక. మాటిమాటికీ పెదాలు నాకడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, కనుకొస తెల్లగా కనిపించేలా ఓరగా చూడటం... ఇవన్నీ ‘నాకు ఇబ్బందిగా ఉంది, దూరం జరుగు’ అని చెప్పడమే. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్ముకుంటే మాత్రం కష్టం.

పరుగెత్తితే వేటాడే గుణం మేలుకుంటుంది, కళ్లలోకి గుచ్చి చూస్తే సవాలు అనుకుంటుంది. అందుకే చేతులు దగ్గరగా ముడుచుకుని, నేలచూపులు చూస్తూ చెట్టులా నిలబడాలి. మా అమ్మాయి కళ్లు మూసుకుని అలాగే నిలబడింది. కుక్క వాసన చూసింది, బెంచీ కిందకెళ్లి పడుకుంది. నా గుండె దడ తగ్గడానికే ఎక్కువసేపు పట్టింది.

ప్రేమ వెనక చేదు

అలాగని ఇస్తాంబుల్‌ని ఆకాశానికెత్తేయలేం. 1910లో ఆ ఊరి వీధికుక్కల్ని వేలకొద్దీ పట్టి మర్మరా సముద్రంలోని సివ్రియాదా అనే రాతిదీవిలో వదిలేశారు. తిండీ నీళ్లూ లేక అవి అక్కడే చచ్చిపోయాయి. కుక్కకాట్లూ ప్రమాదాల మీద జనం ఆందోళన పెరగడంతో 2024 జులైలో టర్కీ పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అంతకుముందు ఆపరేషన్ చేసి మళ్లీ అదే వీధిలో వదిలేవారు, ఇప్పుడు షెల్టర్లకు తరలించాలి. దేశంలో వీధికుక్కలు నలభై లక్షలని ప్రభుత్వ అంచనా. అన్ని షెల్టర్లు ఎక్కడున్నాయని జంతుప్రేమికులు రోడ్డెక్కారు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు మా బాధ ఎవరు చూస్తారన్నారు. రెండు మాటలూ కొట్టిపారేసేవి కావు. మన దగ్గరా ఇదే వాదన, 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఆ వాదన తేలేలోపు మనం చేయగలిగినవి కొన్నున్నాయి. తినేటప్పుడూ నిద్రలోనూ కుక్క జోలికి వెళ్లొద్దని పిల్లలకు చెప్పడం... కరిస్తే గాయాన్ని సబ్బునీళ్లతో పావుగంట కడిగి వెంటనే టీకాకి పరుగెత్తడం.

హైదరాబాద్ వచ్చిన వారానికి మా అమ్మాయి సైకిలు బయటికి తీసింది. కాస్త దూరంలో నేను. వీధి చివర పాత కుక్క మళ్లీ మొరుగుతూ వచ్చింది. ఈసారి అది తొక్కి పారిపోలేదు. సైకిలు దిగి, అడ్డంగా పెట్టుకుని, మెల్లగా నడిచింది. కుక్క కొంతదూరం వచ్చి ఆగిపోయింది. ఇంటికొచ్చి, కనిపెట్టిందేదో చెప్పాలన్న ఆత్రంతో ఒకటే మాట...

‘అమ్మా, ఆ కల్వర్టు కింద దానికి నాలుగు పిల్లలున్నాయి. అందుకే తరుముతోంది. మనం అటువైపు నుంచి వెళితే సరిపోతుంది!’