ఎట్టయాపురంలో ఒకటిన్నర దినం

కాశీ, తిరుపతి, రామేశ్వర యాత్రలను గురించి మన పత్రికలో సోదరులు చాలామంది వ్రాసినారు. చదివి ఆనందించాము. కాని కోవిల్‌పట్టికి పదిహేను కిలోమీటర్ల దూరాన మన గుమ్మంలోనే ఉన్న ఎట్టయాపురాన్ని గురించి ఒక్కరైనా వ్రాసినట్లు మాకు కనబడలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు గదా! మేము కూడ ఇన్నేండ్లూ విరుదునగరంలో ఉండి, ఆ ఊరి పేరు బస్సు పలకమీద చదవడమేగాని దిగి చూచినవాళ్ళం కాము.

ఈసారి వెళ్ళడానికి కారణం మా యింటావిడ పుట్టినరోజు. ఆమెకు నలభై నిండినవి. పెండ్లి అయిన నాటినుండి ఆ దినాన కోవెలకు పోయి అర్చన చేయించడం, ఇంట్లో పాయసం వండడం తప్ప వేరే వేడుక ఎరుగము. ఈ యేడు మాత్రం ఎక్కడికైనా పోవాలన్నది. ఆమె మనసులో ఉన్నది అలప్పుళ. "నీళ్ళమీద ఊరంట మామా, వీధులకు బదులు కాలువలంట" అని ఎవరో చెప్పగా విన్నది. నిజమే. తిరువాన్కూరు దివాను రాజా కేశవదాసు 18వ శతాబ్దంలో కాలువలు త్రవ్వించి, రేవు కట్టించి పెంచిన పట్టణమది. 1862 నాటి దీపస్తంభం ఇప్పటికీ సముద్రపు ఒడ్డున ఉన్నది. కాని అక్కడికి పోయి నిదానంగా చూచి రావాలంటే మూడు దినాలైనా కావాలి. మాకు కచేరీలో దొరికినది శనివారం అరపూట, ఆదివారం పూర్తిగా. పైగా నెలాఖరు. కాలువలు లేకపోయినా చరిత్ర ఉన్న ఊరని ఎట్టయాపురం పేరు చెప్పాము.

ఆమె మొహం చిన్నబోయింది. "ఎట్టప్పన్ ఊరా? పుట్టినదినం పూట ఆ ఊరేనా దొరికింది?"

ఆంధ్ర దేశంలోని పాఠకులకు ఈ మాట అర్థం కాకపోవచ్చును. తమిళనాట ఎవరినైనా ద్రోహి అని తిట్టాలంటే "ఎట్టప్పన్" అంటారు. బడిలో పిల్లలు కూడ అంటారు. ఆ కథ తర్వాత వస్తుంది.

శనివారం మధ్యాహ్నం బస్సెక్కాము. సాత్తూరులో బస్సు కాసేపు ఆగితే కారం సేవు పొట్లం ఒకటి కొనకుండా ఎవరూ ఉండలేరు, మేమూ ఉండలేదు. కార్తీక మాసం, వానలు పడి ఉన్నవి. రోడ్డుకు ఇరుప్రక్కల నల్లరేగడి నేల తడిసి కాటుకలాగ మెరుస్తున్నది. మినుము, పెసర, మొక్కజొన్న, అక్కడక్కడ ప్రత్తి. ఈ నేలను తమిళంలో కరిసల్ అంటారు. విజయనగరపు కాలంలోను, మధుర నాయకుల కాలంలోను మన పెద్దలు వచ్చి దున్నుకొన్నది ఈ నేలనే. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ అనే పల్లెలో పుట్టిన కి. రాజనారాయణన్, కు. అళగిరిసామి ఇద్దరూ తెలుగు ఇండ్లవారే. తమిళంలో వ్రాసి ఇద్దరూ సాహిత్య అకాడెమీ బహుమానం పొందినారు. మన వలస కథను 1976లో 'గోపల్ల గ్రామం' అనే నవలగా కి. రా. తమిళంలో వ్రాసినాడు. మన కథను మనం తమిళంలో చదువుకోవలసి వచ్చిందని నొచ్చుకొనేవారున్నారు. వ్రాసినాడు గనుక నిలిచిందని మా అభిప్రాయం.

కోవిల్‌పట్టిలో ఒక సాధారణమైన లాడ్జిలో దిగి, సాయంత్రం శెంబగవల్లి అమ్మవారి కోవెలకు పోయి ఆవిడ పేరున అర్చన చేయించాము. ఊరంతా అగ్గిపెట్టెల పరిశ్రమ, వేరుశెనగ బెల్లపు మిఠాయి. ఆ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. బజారులో కొట్టు ముందర నిలబడి మాలో మేము తెలుగున బేరం సంగతి మాట్లాడుకొంటుంటే, ప్రక్కనున్న ముసలావిడ "మీరు మనోళ్ళా? యే ఊరు?" అన్నది. ఆ ఒక్క ప్రశ్నతో మా యింటావిడకు అలప్పుళ సగం మరుపుకు వచ్చిందనుకొంటాము. ఆ పెద్దమ్మతో అరగంట మాట్లాడి, ముగ్గురు చుట్టాలను కూడ కనిపెట్టింది.

ఆదివారం తెల్లవారి ఎట్టయాపురం చేరాము. చిన్న ఊరు. ముందుగా భారతి పుట్టిన ఇల్లు. సుబ్రహ్మణ్య భారతి 1882 డిసెంబరు 11న ఇక్కడ పుట్టినాడు. ఇప్పుడా ఇల్లు ప్రభుత్వం వారి స్మారకం. ఆయన తండ్రి చిన్నస్వామి అయ్యరు సంస్థానాన్ని ఆశ్రయించి ఉన్నవాడు. ప్రత్తి యంత్రశాల పెట్టబోయి నష్టపోయినాడు. కొడుకుకు పదకొండో యేట ఈ ఆస్థానంలోనే 'భారతి' అనే బిరుదు దక్కింది. అసలు పేరుకంటె అదే లోకానికి మిగిలింది. తెలుగు సుందరమైన భాష అని తమిళ పాటలో పెట్టి పాడినవాడీయన. ఆయన ఉన్న ఊళ్ళో రాజుగారింట తెలుగు వినబడుతుండేదని తలచుకొంటే ఆ మాట ఎక్కడినుండి వచ్చిందో ఊహించుకోవచ్చును.

అటుపిమ్మట మణిమంటపం చూచాము. దీనికి కల్కి కృష్ణమూర్తి పూనుకొని ప్రజలవద్ద చందాలు కూడబెట్టినాడు. 1947 అక్టోబరులో రాజాజీ ప్రారంభించినాడు. విశాలంగా, చల్లగా ఉన్నది. మెట్లమీద కూర్చుండి తెచ్చుకొన్న ఇడ్డెనలు తిన్నాము.

అరమనను వీధిలోనుండి చూచాము. పెద్ద స్తంభాలు, వెలిసిన సున్నం. జమీందారీలు 1948 చట్టంతో పోయినవి. ఇంత కట్టడాన్ని నిలుపుకోవడం ఎవరికైనా భారమే. ఎట్టప్పన్ అనే పేరుకు ఒక కథ చెబుతారు. ఆ వంశపు మూలపురుషుడు విజయనగరంలో ఒక మల్లుని చంపి, వాని ఎనిమిదిమంది తమ్ములకు తానే తండ్రియై సాకినాడట. తమిళంలో ఎట్టు అంటే ఎనిమిది. ఎనిమిదిమందికి అప్పన్ గనుక ఎట్టప్పన్. అనాథలను సాకిన పేరు తిట్టుగా మారడం చిత్రం గదా.

మారడానికి కారణం 1799. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన ఆంగ్లేయులను ఎదిరించినాడు. ఎట్టయాపురంవారు ఆంగ్లేయుల పక్షాన నిలిచినారు. ఆ అక్టోబరు 16న కయత్తారులో కట్టబొమ్మనను ఉరితీసినారు. పాంచాలంకురిచ్చి భూముల్లో కొంత ఎట్టయాపురానికి దక్కింది. 1959లో శివాజీ గణేశన్ చలనచిత్రం వచ్చిన తర్వాత ఆ పేరు ఇక ఎవరికీ మరుపు రాలేదు. ఇందులో చాలామంది ఎరుగని సంగతి ఒకటున్నది. ఇరుపక్షాలవారూ రాజకంబళం నాయకులే, ఇరువురి ఇండ్లలోనూ మాట్లాడినది తెలుగే. మా యింటావిడ ఇది విని నడుస్తూ నడుస్తూ నిలిచిపోయింది. "ఐతే ఉరితీయించినవాడూ మనోడే, ఉరికెక్కినవాడూ మనోడేనా?" అన్నది. అంతే మరి. ఆనాటి పని మంచిదని మేము చెప్పము. కాని ఆ ఒక్క పనితో ఊరినంతటినీ కొలిచేవారు ఆ గేటుకు ఈవల నిలబడి ఒక్కసారి లెక్క చూడాలి. సీరాపురాణం వ్రాసిన ఉమరు పులవరు ఉండినది, ఆయన సమాధి ఉన్నదీ ఈ ఊళ్ళోనే. భారతికి బిరుదు ఇచ్చినదీ ఈ ఆస్థానమే. 1919లో కష్టదశలో ఉన్న భారతి ఈ రాజుకే సహాయం కోరుతూ పద్యరూపంగా ఉత్తరం వ్రాసుకొన్నాడు. దీక్షితులవారి ఇంటిని నిలిపినదీ ఈ ఇల్లే. మేము ముఖ్యంగా చూడవచ్చినది ఆ దీక్షితులవారి సమాధినే.

అది అట్టకుళం అనే చెరువు దగ్గర ఉన్నది. వానలకు చెరువులో నీరు చేరింది. "కాలువ లేకుంటే పోనీలే మామా, కుళం ఉండాది" అన్నది ఆవిడ. తిరువారూరులో పుట్టిన ముత్తుస్వామి దీక్షితులు కడపటి కాలాన ఈ ఊరికి వచ్చినాడు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఇక్కడి ఆస్థాన విద్వాంసుడు. ఫిడేలును మన సంగీతంలోకి తెచ్చినవారిలో ఆయనను మొదట చెప్పుకొంటారు. దారిలో ఎండి బీటలు వారిన ఈ నేలను చూచి అన్నగారు అమృతవర్షిణి రాగంలో కృతి పాడగా వాన కురిసిందంటారు. కరిసల్ నేలను వేసవిలో చూచినవారెవరూ ఆ కథను ఎగతాళి చేయరు. 1835లో దీపావళి నాడు ఇక్కడే ఆయన కన్నుమూసినాడు. సమాధివద్ద ఆ ఉదయం మేమిద్దరమే ఉన్నాము.

అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి. బాలుస్వామి దీక్షితుల కూతురి కొడుకు, దత్తపుత్రుడు సుబ్బరామ దీక్షితులు ఇదే ఊళ్ళో కూర్చుండి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే మహాగ్రంథం వ్రాసినాడు. పెద్దాయన కృతులు ఇన్నూటికిపైగా స్వరాలతో, గమకాల గుర్తులతో అందులో ఉన్నవి. అవి కాగితం మీదికి ఎక్కకుంటే ఎన్ని మిగిలేవో! వ్రాయుమని వెంటపడినవారిలో ముఖ్యుడు చిన్నస్వామి మొదలియారు. ఆయన క్రైస్తవుడు, మదరాసు ప్రభుత్వ కచేరీలో ఉద్యోగి. కచేరీ ఉద్యోగులు ఫైళ్ళు తప్ప ఎరుగరనేవారికి ఈ పేరు చెప్పవచ్చును. 1904లో గ్రంథం అచ్చయింది. ఎక్కడ? మదరాసులో కాదు, ఈ ఎట్టయాపురంలోనే, విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో. ఏ భాషలో? తెలుగులో, తెలుగు లిపిలో. తమిళ లిపిలో రావడానికి 1961 దాకా ఆగవలసి వచ్చింది. మదరాసు మ్యూజిక్ అకాడెమీ వారు సంపుటాలుగా తెచ్చినారు.

ఆ పాత అచ్చు పుటలు కొన్ని ఫోనులో దింపుకొని పోయినాము. చెరువు గట్టున కూర్చుండి ఆవిడకు చూపాము. మాకు చిన్ననాట తాతగారు పెద్దబాలశిక్ష పెట్టి అక్షరాలు దిద్దించినారు గనుక తెలుగు చదవడం వచ్చును. ఆవిడకు మాట్లాడడమే వచ్చు, చదువంతా తమిళమే. మన సంఘంలో సగం ఇండ్ల కథ ఇదే. "ఇది ఈ ఊళ్ళో అచ్చేసిందా?" అని రెండుసార్లు అడిగింది. అచ్చువేసిన ఊరు కళ్ళముందరున్నది, పుట చేతిలో ఉన్నది, చదవడం రాలేదు.

అంతలో కోయంబత్తూరులో చదివే మా అబ్బాయి పిలిచినాడు, పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పడానికి. తల్లి "తిన్నావా నాయనా?" అంటే వాడు "సాప్టేన్మా" అన్నాడు. ఆమె తెలుగున అడగడం, వాడు తమిళాన బదులివ్వడం ఈ రెండుమూడేండ్లుగా మా యింట అలవాటే. ఆ దినం ఫోను పెట్టేసి చాలాసేపు నీళ్ళవంక చూచింది. పిదప పుటను మళ్ళీ తెరువుమన్నది. "ఇదేమక్షరం?" "వా." "ఇది?" "గ్గే. గ క్రింద గ, పైన ఏత్వం." వాగ్గేయకార చరిత్రము అనే ఆ రెండు మాటలు పూర్తికావడానికి పావుగంట పట్టింది. 'చరిత్రము' దగ్గర మాత్రం మేము చెప్పకముందే తానే కూడబలికింది.

పోదలచినవారికి రెండు మాటలు. కోవిల్‌పట్టినుండి బస్సులు తరచుగా ఉన్నవి. ఎండ ముదరకముందే సమాధికి పోవడం మంచిది. సాయంత్రం మిగిలితే కళుగుమలై కూడ చూడవచ్చును. మాకు వ్యవధి లేకపోయింది.

కోవిల్‌పట్టిలో బస్సు మారేటప్పుడు ఆవిడ రూళ్ళ పుస్తకం ఒకటి, పెన్సిలు ఒకటి కొనిపించుకొన్నది. ఏ తరగతి బిడ్డకమ్మా అని కొట్టతను అడిగినాడు.

"ఒకటో తరగతి" అన్నది.